ఐలాలో మనకూ ఒక కుర్చీ వేయండి

గ్రూప్స్‌కి చదివేవాళ్లలో 243క్యూ తెలియనివాళ్లు ఉండరు. మునిసిపాలిటీల ఏర్పాటు ఏ అధికరణలో ఉందని అడుగుతారు, మనం టిక్కు పెట్టి వచ్చేస్తాం. దాని కిందే ఒక మినహాయింపు ఉంది. బిట్టుగా పెద్దగా రాదు కాబట్టి మనమూ పట్టించుకోం. ఒక పారిశ్రామిక సంస్థ తన ప్రాంతంలో పౌర సేవలు తానే అందిస్తున్నా, అందిస్తానని ముందుకొచ్చినా, గవర్నరు ఆ ప్రాంతాన్ని పారిశ్రామిక టౌన్‌షిప్‌గా ప్రకటించవచ్చు. అక్కడ మునిసిపాలిటీ పెట్టనక్కర్లేదు. అంటే వార్డు ఉండదు, కౌన్సిలరు ఉండడు, ఓటు ఉండదు. పట్టణాల్లో స్థానిక స్వపరిపాలన కోసం 1992లో తెచ్చిన 74వ సవరణలోనే ఈ తలుపు కూడా తెరిచి ఉంచారు.

ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. చీకట్లో నడిచి తెలుసుకున్నాను.

మాది బందరు పక్కన గూడూరు. డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఒక పారిశ్రామికవాడలో, పేరు అనవసరం, ఫ్యాబ్రికేషన్ షెడ్డులో లెక్కలు రాసే ఉద్యోగం చేశాను. రాత్రి ఎనిమిదిన్నరకి షెడ్డు కట్టేస్తారు. అక్కణ్ణుంచి మెయిన్ రోడ్డుకి కిలోమీటరు పైనే ఉంటుంది. ఆ దారిలో వీధి దీపాలు నాలుగు నెలలు వెలగలేదు. పక్క ప్యాకింగ్ యూనిట్‌లో చేసే ఆడవాళ్లు ఆరేడుగురు కలిసి, ఒకరి సెల్‌ఫోను లైటు పట్టుకుని బస్సు దాకా నడిచేవాళ్లు. ఎవరికైనా ఓవర్‌టైమ్ పడితే మిగతావాళ్లు గేటు దగ్గర కూర్చుని ఆగేవాళ్లు.

నేను కుర్రతనం కొద్దీ పంచాయతీ ఆఫీసుకి వెళ్లాను. “ఆ లోపలంతా ఐలా బాబూ, మాకు సంబంధం లేదు. పన్ను కూడా మాకు కట్టరు” అన్నారు అక్కడ. ఐలా ఆఫీసుకి వెళ్లాను. “ఏ యూనిట్ మీది?” అన్నారు. చెప్పాను. “మీ ఓనరుగారిని లెటరు పెట్టమనండి” అన్నారు. మా ఓనరుగారిని అడిగితే ఆయన నవ్వాడు. షెడ్డు ఆయనది, ప్లాటు మాత్రం హైదరాబాద్‌లో ఉండే ఇంకొకాయనది. “నేను అద్దెకున్నోణ్ణి అబ్బాయ్. అక్కడ మాట చెల్లేది ప్లాటు ఎవరి పేరున ఉంటే వాళ్లకే” అన్నాడు. ఆ హైదరాబాద్ ఆయన ఆ రోడ్డుని రాత్రిపూట ఎన్నడూ చూసి ఉండడు. ఐదో నెలలో దీపాలు వెలిగాయి లెండి. ఒక పెద్ద యూనిట్‌కి బయటి దేశం నుంచి కొనుగోలుదారులు వస్తున్నారట, రెండు రోజుల్లో బల్బులు మారిపోయాయి.

ఐలా అంటే ఇండస్ట్రియల్ ఏరియా లోకల్ అథారిటీ. ఏపీఐఐసీ 1973లో పుట్టింది. పొలాలు సేకరించి, ప్లాట్లు వేసి, రోడ్లు పోసి పరిశ్రమలకి ఇవ్వడం దాని పని. ఆ వాడల్లో ఆస్తిపన్ను వసూలు, ప్లాన్ అనుమతులు, రోడ్లు, డ్రైనేజీ, దీపాలు వంటి స్థానిక సంస్థ పనుల్ని ప్రభుత్వం ఐలాలకి అప్పజెప్పింది. కమిషనర్ హోదాలో ఏపీఐఐసీ అధికారి ఉంటారు. పారిశ్రామికవేత్తలు సర్వీస్ సొసైటీగా ఏర్పడి తమ ప్రతినిధుల్ని పెట్టుకుంటారు. వసూలైన ఆస్తిపన్నులో 35 శాతం పంచాయతీకో మునిసిపాలిటీకో ఇచ్చి, 65 శాతం ఆ వాడలోనే ఖర్చుపెట్టడం ఏళ్ల తరబడి నడిచిన లెక్క.

ఈ ఆలోచనని నేను తప్పుపట్టడం లేదు. పాత పద్ధతిలో ఫ్యాక్టరీలు పన్ను కట్టేవి, ఆ డబ్బు ఎక్కడికి పోయిందో తెలిసేది కాదు, లారీ మాత్రం అదే గుంతలో దిగబడేది. ఇక్కడ పుట్టిన డబ్బు ఇక్కడే ఖర్చు కావాలి అనడంలో న్యాయం ఉంది. విజయవాడ ఆటోనగర్‌నే చూడండి. 1960ల నుంచి మెకానిక్కులు, బాడీ బిల్డర్లు, లేత్ వర్క్ వాళ్లు కలిసి పెంచుకున్న వాడ అది. బందరు రోడ్డు మీద బస్సెక్కి, పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు దాటి అక్కడ దిగి పని నేర్చుకున్న మనోళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ వాడకి ఏం కావాలో కలెక్టరేట్‌లో ఫైలు చూసే గుమాస్తా కంటే అక్కడ స్పానర్ పట్టుకున్నవాడికే ఎక్కువ తెలుసు. ఐలా వెనకున్న మంచి ఉద్దేశం అదే.

కానీ స్పానర్ పట్టుకున్నవాడికీ, ప్లాటు కాగితం పట్టుకున్నవాడికీ తేడా ఉంది. నా గొడవంతా అక్కడే.

వ్యాపారులు తమ మీద తామే పన్ను వేసుకుని తమ వీధిని తామే చూసుకోవడం ఒక్క మన దగ్గరే లేదు. కెనడాలో టొరంటో నగరంలోని బ్లూర్ వెస్ట్ విలేజ్ అనే బజారులో 1970లో దుకాణదారులు మొదలుపెట్టారు. కొత్తగా పెద్ద మాల్స్ వచ్చి బేరాలు పడిపోతుంటే, అందరం తలా కొంత వేసుకుని వీధి బాగుచేసుకుందాం అన్నారు. కొందరు ఇచ్చి కొందరు ఎగ్గొడితే నడవదు కాబట్టి, నగరమే పన్నులాగా వసూలు చేసి వాళ్ల కమిటీకి ఇచ్చేలా చట్టం చేయించుకున్నారు. అది అమెరికాకి, ఇంగ్లండ్‌కి, ఇంకా చాలా దేశాలకి పాకింది. బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్ అంటారు. అక్కడ ఉంటున్న మన బంధువుల్ని అడగండి, వాళ్లు తిరిగే డౌన్‌టౌన్‌లో చెత్త ఎత్తేది, పూలకుండీలు పెట్టేది చాలాచోట్ల ఇలాంటి సంస్థే.

మరి దాన్ని ఎవరు ఏలాలి? న్యూయార్క్‌లో ఈ ప్రశ్న కోర్టుకెక్కింది. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ చుట్టూ ఉన్న డిస్ట్రిక్ట్ బోర్డులో ఆస్తి యజమానులకే మెజారిటీ. ఆ వీధుల్లో కాపురం ఉంటున్నవాళ్లందరికీ కలిపి ఒక్క డైరెక్టరు. ఒక మనిషికి ఒక ఓటు అనే సూత్రం ఏమైందని నివాసితులు కేసు వేశారు. 1998లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు వాళ్ల వాదన ఒప్పుకోలేదు. కోర్టు చెప్పిన కారణం మనం జాగ్రత్తగా వినాలి. ఈ సంస్థ నగర ప్రభుత్వం కాదు, దాని పని పరిమితం, పైన నగరం అదుపు ఉంది, డబ్బు భారం ఆస్తిదారుల మీదే పడుతోంది, కాబట్టి వాళ్లకి ఎక్కువ మాట ఉండొచ్చు అంది.

ఈ తీర్పుని మన ఐలాకి తెచ్చి అతికిస్తే అతకదు. న్యూయార్క్‌లో ఆ సంస్థ మునిసిపాలిటీకి అదనం. మునిసిపాలిటీ ఎక్కడికీ పోలేదు. చెత్త సరిగ్గా ఎత్తకపోతే అక్కడి మనిషి తన కౌన్సిల్ సభ్యుణ్ణి పోయి అడుగుతాడు. మన దగ్గర ఐలా అదనం కాదు, బదులు. పంచాయతీ చేసే పనులే అది చేస్తుంది. ప్లాన్ పాస్ చేస్తుంది, పన్ను వేస్తుంది, కాలువ ఎటు తవ్వాలో నిర్ణయిస్తుంది. పంచాయతీ చేతులు దులుపుకుంటుంది. అదనంగా పనిచేసే సంఘాన్ని డబ్బులు పెట్టినవాళ్లు నడుపుకోవచ్చు. ప్రభుత్వానికి బదులుగా కూర్చున్న సంస్థని మాత్రం డబ్బులు కట్టినవాళ్లే నడుపుకుంటామంటే కుదరదు.

అదనం ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికా దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ అని ఒకటుంది. ఐటీ కంపెనీలు, సైబరాబాద్ పోలీసులు కలిసి 2006లో పెట్టుకున్నది. కంపెనీలు సభ్యత్వ రుసుము కడతాయి. ఆ డబ్బుతో ట్రాఫిక్ మార్షల్స్‌ని పెట్టారు, ఆడపిల్లలకి షీ షటిల్ బస్సులు నడిపారు. ఆ బస్సెక్కిన మా ఊరి అమ్మాయిలు ఉన్నారు. దాన్ని కంపెనీలే నడుపుకోనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. అక్కడ ఎవరి ఓటూ పోలేదు, మునిసిపాలిటీ అలాగే ఉంది.

ఓటు పోతే ఎలా ఉంటుందో జంషెడ్‌పూర్ వాళ్లు చెప్తారు. ఊరంతటికీ నీళ్లు, కరెంటు కంపెనీ బాగానే ఇస్తుంది, దేశంలో చాలా ఊళ్ల కంటే మెరుగ్గానే ఇస్తుంది. అయినా ఎన్నికైన మునిసిపాలిటీ కావాలని అక్కడివాళ్లు దశాబ్దాలుగా కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. నీళ్లు బాగా వస్తున్నాయిగా, ఇంకేం కావాలి అని అడిగేవాళ్లకి నేను చెప్పగలిగిన జవాబు ఆ నాలుగు నెలల చీకటే. బాగున్నంత కాలం బాగానే ఉంటుంది. బాగోనప్పుడు ఎవర్ని అడగాలో తెలియాలి కదా.

ఇక యజమానుల వైపు మాట. మా పాత ఓనరుగారితోనే ఈ విషయం వాదించాను. “పన్ను కట్టేది మేము. కట్టనోళ్లు కమిటీలో కూర్చుని మా డబ్బు ఎలా ఖర్చుపెట్టాలో చెప్తారా?” అన్నాడు. సూటి ప్రశ్నే. కానీ ఆ మాట అన్నాయన కూడా కట్టేవాళ్ల జాబితాలో లేడు! ఆస్తిపన్ను ప్లాటు యజమాని పేరున పడుతుంది. ఆ డబ్బు అద్దెలో కలిసి ఈయన జేబులోంచే పోతుంది. ఈయన దాన్ని తన రేటులో, మా జీతాల్లో సర్దుకుంటాడు. రసీదు మీద ఎవరి పేరుంటే వాళ్లే కట్టినట్టు అనుకోవడం మన అలవాటు. ఆ మాటకొస్తే జీతం 20 వేలు దాటినవాడి దగ్గర మన రాష్ట్రంలో నెలకి 200 రూపాయలు వృత్తిపన్ను కోస్తారు. అది ఐలాకి పోదు, నిజమే. పన్ను కట్టేవాడంటే ఓనరే అనే మాట మాత్రం అక్కడితో ఆగిపోవాలి.

ఇంకో సంగతి. ఆస్తిపన్ను చందా కాదు. చట్టం వేసిన పన్ను. వినాయక చవితికి చందా వేసుకుంటే లడ్డూ ఎవరికి ఇవ్వాలో చందా ఇచ్చినవాళ్లు తేల్చుకోవచ్చు. పన్నుకి అలా కుదరదు. ఎక్కువ ఆస్తిపన్ను కట్టేవాడికి పంచాయతీ ఎన్నికల్లో రెండు ఓట్లు ఇస్తున్నామా?

వ్యాపారాలకే ఓటున్న చోట కూడా పనిచేసేవాళ్లని లెక్కలోకి తీసుకున్న ఉదాహరణ ఒకటుంది. లండన్ నడిబొడ్డున, బ్యాంకులన్నీ ఉండే ‘సిటీ’ అనే పాత భాగానికి వేరే కార్పొరేషన్. అక్కడ కాపురముండేవాళ్లు కొద్దిమందే, పగలు పనికొచ్చేవాళ్లు లక్షల్లో. 2002లో చేసిన చట్టం ప్రకారం సంస్థలకి ఓటర్లని ఇచ్చేది వాటి స్థలం విలువని బట్టి కాదు, ఉద్యోగుల సంఖ్యని బట్టి. పదిమంది లోపు ఉంటే ఒక ఓటరు, యాభై మంది దాకా ప్రతి ఐదుగురికీ ఒకరు, ఆపైన యాభైకి ఒకరు చొప్పున. ఆ ఓటరుని ఎంపిక చేసేది మళ్లీ కంపెనీయే కాబట్టి నాకు పూర్తిగా నచ్చలేదు. అయినా అక్కడ లెక్క మనుషులతో మొదలవుతుంది, గజాలతో కాదు.

మన ఐలాలకి నేను కోరేది ఇది. కమిటీలో పదిహేను మంది ఉంటారనుకుందాం. ఏడుగురు ప్లాటు యజమానులు, చిన్నా పెద్దా తేడా లేకుండా యూనిట్‌కి ఒక ఓటుతో ఎన్నికైనవాళ్లు. ఇద్దరు అద్దెకున్నవాళ్లు. ముగ్గురు అక్కడ పనిచేసేవాళ్లు, వాళ్లలో ఒకరైనా మహిళ. ఆ వాడ మురుగునీళ్లు ఎవరి చేలో పడతాయో ఆ పక్క పంచాయతీల నుంచి ఇద్దరు. ఏపీఐఐసీ అధికారి ఒకరు. లెక్క వేసి చూడండి, వ్యాపారం చేసేవాళ్లకి మెజారిటీ ఉంటుంది. స్థలం ఉన్నవాళ్లకి ఒక్కరికే ఉండదు. అధికారి ఉంటారు, ఆయనే సర్వం కారు. ఆస్తిపన్ను కాకుండా, ‘మాకు సెక్యూరిటీ కావాలి, సీసీ కెమెరాలు కావాలి’ అని యజమానులు అదనంగా రుసుము వేసుకుంటామంటే మాత్రం ఆ ఓటు కట్టేవాళ్లదే. అందులో మేం వేలు పెట్టం. ఇంగ్లండ్‌లో అలాంటి దానికి రెండు లెక్కలు చూస్తారు. ఓటేసినవాళ్ల సంఖ్యలోనూ మెజారిటీ రావాలి, వాళ్ల ఆస్తి విలువలోనూ రావాలి. పెద్దాయన ఒక్కడే చిన్నోళ్లని తొక్కలేడు, చిన్నోళ్లంతా కలిసి పెద్దాయన జేబు కొట్టలేరు. అదీ ఐదేళ్లకి మించి సాగదు, మళ్లీ ఓటుకి రావాల్సిందే. ఈ ఒక్కటి వాళ్ల దగ్గర తెచ్చుకోవచ్చు.

పనివాళ్ల ఓటర్ల జాబితా ఎక్కడిది అంటారు. ఈఎస్‌ఐ, పీఎఫ్ జాబితాలు ఉన్నాయిగా. వాటిలో పేరు లేకుండా పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారన్నది నిజం. బిహార్, ఒడిశా నుంచి వచ్చి షెడ్డులోనే పడుకునే కుర్రాళ్లకి ఇక్కడా ఓటు ఉండదు, ఊళ్లోనూ ఎన్నికల రోజున ఉండరు. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. జాబితాలో పేరెక్కితే కమిటీకి ఓటు వస్తుందంటే, పేరు ఎక్కించమని అడిగేవాళ్లు కొంతైనా పెరుగుతారని ఆశ.

రాజకీయాలు వస్తాయి అని ఇంకో భయం. సంఘాల ఎన్నికలు దగ్గర్నుంచి చూసినవాళ్లని అడగండి. ప్యానెల్లు, ఫ్లెక్సీలు, బిర్యానీలు లేకుండా ఏ సంఘం ఎన్నిక జరిగింది? రాజకీయం లోపల ఎప్పుడో ఉంది. దాన్ని బయటినుంచి చూడ్డమే తప్ప అడిగే హక్కు మనకి లేదు, అంతే.

యూత్ పేజీలో ఈ గోలంతా ఎందుకంటారా? మన ఉద్యోగాలు రాబోయేది ఇలాంటి చోట్లే కాబట్టి. బందరు పోర్టుకి 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి శంకుస్థాపన జరిగింది. మూడోదాని తర్వాత పనులు నడుస్తున్నాయి. పోర్టు వస్తే గోడౌన్లు వస్తాయి, కంటైనర్ యార్డులు వస్తాయి, ప్రాసెసింగ్ యూనిట్లు వస్తాయి. గూడూరు, పెడన, బందరు మండలాల్లో ఇవాళ వరి ఊడుస్తున్న భూముల్లో కొన్ని రేపు ఎవరి పాలనలోకో పోతాయి. మనం ఎన్ని ఎకరాలు పోతాయి, ఎకరానికి ఎంత ఇస్తారు అనే మాట్లాడుకుంటున్నాం. అక్కడ పన్ను ఎవరు వేస్తారు, ప్లాన్ ఎవరు పాస్ చేస్తారు, కాలువ నీళ్లు ఎటు మళ్లుతాయి అని ఎవరూ అడగడం లేదు. డెల్టాలో పుట్టినవాళ్లకి చెప్పాలా, ఇక్కడ చుక్క నీరు వదిలితే పక్కవాడి చేలోకే పోతుంది.

మన బందరుకి ఈ ముచ్చట కొత్తది కూడా కాదు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో ఇక్కడ దిగింది వ్యాపారం చేసుకుంటామనే. నూట యాభై ఏళ్లు తిరిగేసరికి సర్కారు జిల్లాల శిస్తు వాళ్ల చేతికి వెళ్లింది. ఇవాళ్టి ఫ్యాక్టరీ ఓనర్లని వాళ్లతో పోల్చడం అన్యాయం, పోల్చను. పన్ను వసూలు చేసే చేతిని ఎవరో ఒకరు లెక్క అడగాలి అన్నంతవరకే ఆ కథ నాకు పనికొస్తుంది.

లెక్క అడగడానికి ప్రస్తుతానికి మన దగ్గరున్నది పది రూపాయల కాగితం. 2005 సమాచార హక్కు చట్టం కింద, మీరు పనిచేస్తున్న వాడకి నిరుడు ఎంత ఆస్తిపన్ను వసూలైంది, పంచాయతీకి ఎంత ఇచ్చారు, దీపాలకి ఎంత ఖర్చయింది అని అడగొచ్చు. ఏపీఐఐసీ ప్రభుత్వ సంస్థ, జవాబు చెప్పాల్సిందే. మీరు పనివాళ్లా, ఓనర్లా, పక్క ఊరివాళ్లా అని ఆ చట్టం అడగదు. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు జీతం అడిగాక, రాత్రి షిఫ్టు వాళ్లు రోడ్డు దాకా ఎలా వెళ్తారని కూడా అడగండి. ఉద్యోగం ఇవ్వరేమో అని భయపడకండి. ఆ ప్రశ్నకి ముఖం మాడ్చుకునే చోట ఎక్కువకాలం ఎలాగూ చేయలేరు.

నాతో ఆ షెడ్డులో వెల్డింగ్ చేసిన స్నేహితుడు ఇప్పుడు సొంతంగా చిన్న షెడ్డు పెట్టుకున్నాడు. నలుగురికి పని ఇస్తున్నాడు. మొన్న ఫోన్ చేసి వాళ్ల వాడలో సొసైటీ ఎన్నికలొచ్చాయన్నాడు. ఎవరికేస్తున్నావురా అని అడిగాను.

“ప్లాటు నాది కాదుగా” అన్నాడు.